జర్మనీలో కొత్త ఇల్లు: పోస్ట్ డబ్బా మీద మీ ఆవిడ ఇంటిపేరు ఉందా?

తమ్ముడూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. మ్యూనిక్ వచ్చి ఏడు నెలలైంది, నానా తిప్పలు పడి ఇల్లు సంపాదించారు, ఖమ్మం నుంచి మీ ఆవిడా పిల్లలూ వచ్చి రెండు నెలలవుతోంది. ఆరేళ్ళ బాబు బడికి వెళ్తున్నాడు గానీ రోజూ మొహం వేలాడేసుకుని ఇంటికొస్తున్నాడు. పాపకి రెండున్నరేళ్ళు, ఇంట్లోనే ఉంటోంది. సోఫా లేదు, వంటగదిలో సగం సామాను లేదు, మీ ఆవిడ రాత్రిళ్ళు "వెళ్ళిపోదాం" అంటోంది. ఇల్లంతా సర్దేస్తే తను కుదురుకుంటుందా, ముందు ఏం కొనాలి అని అడిగారు.

కొనడం సంగతి తర్వాత చెప్తాను. ముందు కిందికి దిగి మీ పోస్ట్ డబ్బా మీద, బెల్లు మీద ఎవరెవరి పేర్లున్నాయో చూసి రండి.

మేం 2014 నవంబర్‌లో తెనాలి నుంచి ఇక్కడికొచ్చాం. మా డబ్బా మీద మా ఆయన ఇంటిపేరు ఒక్కటే ఉండేది. నా పాస్‌పోర్టులో ఉన్నది పుట్టింటి ఇంటిపేరు, మన ఆడవాళ్ళలో చాలామందికి ఉన్నట్టే. ఇక్కడ చాలా అపార్ట్‌మెంట్లలో అడ్రసుకి ఫ్లాట్ నంబరే ఉండదు. ఉత్తరం మీద పేరూ డబ్బా మీద పేరూ కలిస్తేనే పోస్ట్‌మ్యాన్ వేస్తాడు, కలవకపోతే ఆ పేరు గలవాళ్ళు ఇక్కడ లేరని వెనక్కి పంపేస్తాడు. అలా నా హెల్త్ ఇన్సూరెన్స్ కార్డు వెనక్కి పోయింది. నా ట్యాక్స్ నంబర్ ఉత్తరం వెనక్కి పోయింది. ఎందుకు రావడం లేదో మాకు రెండు నెలలు అర్థం కాలేదు.

మా ఆయన మంచి మనిషి. నాకు కష్టం కలగకూడదని అన్నీ తనే చూసుకునేవారు. ఉత్తరాలు తనే తెరిచేవారు, ఫోన్లు తనే చేసేవారు, శనివారం సామాన్లు తనే తెచ్చేవారు. ఆయన ఉదయం ఎనిమిదింటికి వెళ్తే సాయంత్రం ఆరింటికి వచ్చేవారు. ఆయనకి ఆఫీసుంది, అక్కడ పేరు పెట్టి పలకరించేవాళ్ళున్నారు, క్యాంటీన్ ఉంది. నాకు నాలుగు గోడలూ కిటికీ. ఊళ్ళో కోఆపరేటివ్ బ్యాంకులో తొమ్మిదేళ్ళు క్యాష్ కౌంటర్లో కూర్చున్నదాన్ని, ఇక్కడ పాల ప్యాకెట్ మీద ఏం రాసుందో ఆయన్ని అడగాల్సి వచ్చేది.

జనవరిలో ఒక గురువారం జరిగింది చెప్తాను. పెద్దవాడు కిండర్‌గార్టెన్‌కి వెళ్ళాడు. చిన్నదానికి పది నెలలు, నిద్రపోతోంది. పాలు సన్నని సెగ మీద పెట్టి, చెత్త సంచి పట్టుకుని ఒక్క నిమిషంలో వచ్చేద్దామని కిందికి దిగాను. తిరిగొచ్చేసరికి తలుపు మూసుకుపోయి ఉంది. మీరు ఈపాటికి గమనించే ఉంటారు, ఇక్కడి తలుపులకి బయటివైపు తిప్పే హ్యాండిల్ ఉండదు, కదలని గుండు ఒకటుంటుంది. తలుపు మూసుకుంటే తాళం చెవి లేనిదే తెరుచుకోదు. చెవి లోపల, ఫోన్ లోపల, పాప లోపల, పొయ్యి మీద పాలు. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు.

ఎదురింటి బెల్లు కొట్టాను. డెబ్భై దాటిన పెద్దావిడ. రెండు నెలలుగా మెట్ల మీద ఎదురుపడినా తలొంచుకుని వెళ్ళిపోయేదాన్ని, భాష రాదని. ఆ రోజు చేతుల్లో పాపను ఊపుతున్నట్టు చూపించి, తలుపు వైపు చూపించి, "మిల్ష్, మిల్ష్" అన్నాను, పాలకి ఆ ఒక్క మాటే తెలుసు. ఆవిడకి వెంటనే అర్థమైంది. 112 కి ఫోన్ చేసింది. అవతలివాళ్ళు పేరడిగినట్టున్నారు, ఆవిడ మా బెల్లు మీది పేరు చూసి చెప్పి, అదే పేరు పెట్టి నన్ను పిలుస్తూ భుజం పట్టుకుంది. అది నా పేరు కాదు. కాదని చెప్పడానికి నా దగ్గర మాట లేదు. ఫైర్ సర్వీసు వాళ్ళు పది నిమిషాల్లోపే వచ్చి తలుపు తీశారు. పాలు మాడి గది నిండా పొగ, పైన స్మోక్ అలారం ఒకటే మోత, పాప గుక్కపట్టి ఏడుస్తోంది. దానికేం కాలేదు.

ఆ రాత్రి మా ఆయన కాగితం ముక్క మీద రెండు ఇంటిపేర్లూ రాసి బెల్లుకీ డబ్బాకీ టేపుతో అంటించారు. తర్వాత బిల్డింగ్ చూసే హౌస్‌ఫెర్వాల్టుంగ్ వాళ్ళకి మెయిల్ పెడితే పద్ధతైన నేమ్‌ప్లేట్ పెట్టారు. మీరూ అంతే చేయండి, ఈ రోజే కాగితం అంటించండి. రెండో తాళం చెవి ఎదురింట్లోనో కిందింట్లోనో ఇవ్వండి. రాత్రిపూటో ఆదివారమో తాళం తీసేవాణ్ణి పిలిస్తే కొన్ని వందల యూరోలు అడుగుతాడు. మన దగ్గర కొత్తగా దిగినవాళ్ళని పక్కింటివాళ్ళే వచ్చి పలకరిస్తారు. ఇక్కడ కొత్తగా వచ్చినవాళ్ళే వెళ్ళి పరిచయం చేసుకోవాలి. రెండు నెలలైంది, ఇప్పుడేం వెళ్తాంలే అనుకోకండి. నాలుగు లడ్డూలో, కాస్త కేకో పెట్టుకుని మీ ఆవిడా మీరూ కలిసి వెళ్ళండి. తన పేరు తననే చెప్పనివ్వండి.

మీ ప్రశ్నకి నా జవాబు ఇదే తమ్ముడూ. సోఫా వస్తే ఇల్లు నిండుతుంది గానీ తను కుదురుకోదు. మీరు తన కోసం చేస్తున్న పనుల్లో కొన్ని తనకే అప్పజెప్పాలి. తప్పులు జరుగుతాయి, జరగనివ్వండి.

ఉత్తరాలతో మొదలుపెట్టండి. ఈ దేశం ఉత్తరాల మీద నడుస్తుంది. డబ్బా చెవి ఒకటి మీ ఆవిడ దగ్గరుండాలి. వచ్చినవి తనే తెరవాలి. ఫోన్ కెమెరా పెడితే అనువాదం వస్తుంది, రెండు చిల్లులు పెట్టి ఫైల్లో తనే పెట్టాలి. పసుపు కవరు వస్తే దాన్ని పారేయకూడదు. అది అధికారికంగా అందజేసిన ఉత్తరం, కవరు మీద రాసిన తారీఖు నుంచి గడువు లెక్క మొదలవుతుంది. ఇంకో ఉత్తరం చూసి మీ ఆవిడ బెదరొచ్చు: రుండ్‌ఫుంక్‌బైట్రాగ్ అని రేడియో, టీవీ చందా. టీవీ ఉన్నా లేకపోయినా ఇంటికి నెలకి 18.36 యూరోలు కట్టాలి. ఇది మోసం కాదు. అయితే ఇంటికి ఒక్కటే, మనిషికొకటి కాదు. మీరు ఇప్పటికే కడుతున్నా, అడ్రస్ రిజిస్ట్రేషన్ అయ్యాక తన పేరుతో వేరే ఉత్తరం వస్తుంది. మీ చందా నంబర్ వేసి జవాబిస్తే సరిపోతుంది. ఆ జవాబు తన చేతే రాయించండి. ఈ దేశంతో తను చేసిన మొదటి పని అవుతుంది.

బ్యాంకులో మీ ఖాతాని జాయింట్ చేయించి, తన పేరుతో కార్డు తెప్పించండి. ఇది వాయిదా వేయకండి. పాలూ బ్రెడ్డూ కొనడానికి మీ దగ్గర యాభై యూరోల నోటు తీసుకునే పరిస్థితి, ఊళ్ళో సొంత జీతం తెచ్చుకున్న మనిషికి చాలా బాధగా ఉంటుంది. తను ఖమ్మంలో స్కూల్లో లెక్కలు చెప్పేదని రాశారు. అలాంటప్పుడు మరీను.

భాష. ఫోక్స్‌హోక్‌షూలె అని దాదాపు ప్రతి ఊళ్ళో ప్రజల కోసం నడిపే విద్యా కేంద్రం ఉంటుంది, మ్యూనిక్‌లో చాలా శాఖలున్నాయి. అక్కడ A1, అంటే మొట్టమొదటి స్థాయి కోర్సులో చేరమనండి. ఆన్‌లైన్ వద్దు. యాప్‌లో నేర్చుకుంటే మాటలొస్తాయి గానీ మనుషులు రారు. నాకు ఇక్కడ మొదటి స్నేహితురాలు ఆ క్లాసులోనే దొరికింది, సిరియా నుంచి వచ్చిన ఫార్మసిస్టు. ఇద్దరికీ కలిపి వంద జర్మన్ మాటలు రావు, అయినా ట్రామ్ స్టాప్‌లో నిలబడి అరగంట మాట్లాడుకునేవాళ్ళం. క్లాసు టైములో పాపను ఎవరు చూస్తారంటారా? సాయంత్రం క్లాసు పెట్టుకోమనండి, వారానికి రెండు రోజులు మీరు ఐదింటికి ఇంట్లో ఉండండి. ఆఫీసులో చెప్పుకుంటే ఇక్కడ ఎవరూ తప్పుపట్టరు, పిల్లల కోసమంటే ఇంకా సులభం. వీసా మీద వచ్చిన భార్యకి ఇక్కడ మొదటి రోజు నుంచే ఉద్యోగం చేసే హక్కుంది. రెసిడెన్స్ కార్డు మీద ఆ మాట రాసే ఉంటుంది, చూపించండి. ఇప్పుడే చేయమని కాదు. చేయొచ్చని తనకి తెలియాలి. నేను B1, అంటే మూడో స్థాయి పాసయ్యాక చిన్న కంపెనీలో అకౌంట్స్ పనికి కుదిరాను, దానికి మూడేళ్ళు పట్టింది.

ఇప్పుడు సామాను సంగతి.

వంటగది లేని ఇల్లు చూసి మీ ఆవిడ నిర్ఘాంతపోయిందని రాశారు. అందరమూ అంతే. అద్దెకిచ్చే ఇంట్లో సింకు కూడా లేకుండా గోడలోంచి గొట్టాలు పొడుచుకొచ్చి ఉండడం, పైకప్పు నుంచి వైర్లు వేలాడుతుండడం ఇక్కడ మామూలే. ఖాళీ చేసేవాళ్ళు వంటగది ఊడదీసి పట్టుకెళ్తారు, లేదా కొంత డబ్బు తీసుకుని వదిలేస్తారు. ఆ బేరాన్ని ఆబ్లోజె అంటారు. మీకు ఆ అవకాశం దాటిపోయింది కాబట్టి క్లైన్‌అన్‌త్సైగెన్ అని పాత సామాన్లు అమ్ముకునే వెబ్‌సైట్‌లో చూడండి. ఇల్లు మారేవాళ్ళు నెలాఖరుకి తీసేయాలన్న తొందరలో తక్కువకి ఇచ్చేస్తారు. పొయ్యి మాత్రం మీ అంతట మీరు కలపకండి. దానికి వచ్చేది మూడు ఫేజుల కరెంటు, ఎలక్ట్రీషియన్ చేతే పెట్టించాలి. ఇండక్షన్ కొంటే ఊరి నుంచి తెచ్చిన అల్యూమినియం కుక్కర్ పనిచేయదు, స్టీలుది కావాలి, అదీ అడుగున అయస్కాంతం అంటుకునేదై ఉండాలి. మిక్సీ, గ్రైండర్ నిక్షేపంగా పనిచేస్తాయి, ఇక్కడా 230 వోల్టులే, ప్లగ్గుకి అడాప్టర్ ఉంటే చాలు.

పొయ్యి పెట్టిన రోజు మంచిరోజు చూసుకుని పాలు పొంగించండి. ఇంట్లో దిగి నెలలైంది, ఇప్పుడెందుకు అనుకోకండి. మేం మొదట్లో ఆ పని చేయలేదు, వంటగదే లేదు కదా అని. మాడిన పాలే ఆ పొయ్యి మీద మొదట పొంగినవి. మార్చిలో మళ్ళీ పొంగించి ఎదురింటి పెద్దావిడకి పరమాన్నం ఇచ్చాం. మా అత్తగారు వీడియోలో చూశారు. ఆ రోజు నుంచి నాకు ఆ వంటగది నాదనిపించింది.

ఇడ్లీపిండి, పెరుగు గురించి మీ ఆవిడ బెంగపెట్టుకుంటే చెప్పండి: చలికాలంలో పిండి గిన్నెని ఓవెన్‌లో పెట్టి, ఓవెన్ వేడి చేయకుండా లోపలి లైటు ఒక్కటి వేసి ఉంచితే తెల్లారేసరికి పొంగుతుంది. పెరుగూ అలాగే తోడుకుంటుంది. తోడుకి సూపర్‌మార్కెట్‌లో దొరికే 3.5 శాతం కొవ్వున్న మామూలు యోగర్ట్ బాగుంటుంది. పిండి మాత్రం శనివారమే రుబ్బాలి. ఆదివారం మొత్తం, మిగతా రోజుల్లో రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా రుహెట్సైట్, అంటే నిశ్శబ్ద వేళ. మిక్సీ, డ్రిల్లు, గాజు సీసాలు వీధి డబ్బాలో వేయడం, అన్నీ వద్దు. పిల్లల అడుగుల చప్పుడుకి అంత భయపడక్కర్లేదు, ఒక మందపాటి చాప పరవండి.

ఒక్క విషయంలో మీరిద్దరూ చాలా జాగ్రత్తగా ఉండాలి: గోడలకి బూజు. మనం రెండు పూటలా అన్నం వండుతాం, పప్పు ఉడికిస్తాం, బట్టలు ఇంట్లోనే ఆరేస్తాం. చలికి కిటికీలు బిగించేస్తాం. ఆ ఆవిరంతా బయటి గోడ మూలల్లో చేరి డిసెంబర్‌కల్లా నల్లటి మచ్చలు కడుతుంది. పిల్లలకి దగ్గు, ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్స్‌లో కోత. కిటికీని వంచి వదిలేస్తే లాభం లేదు, గోడ చల్లబడి ఇంకా చెడుతుంది. రోజుకి మూడుసార్లు హీటర్ తగ్గించి, కిటికీలు బార్లా తెరిచి ఐదు పది నిమిషాలు ఉంచి మూసేయాలి. బీరువాని బయటి గోడకి ఆనించకుండా జానెడు జరపండి. హీటర్ మీది నాబ్ 3 దగ్గర పెడితే గది దాదాపు 20 డిగ్రీలుంటుంది, 5 పెడితే తొందరగా వేడెక్కదు, బిల్లే పెరుగుతుంది.

అడ్వాన్స్ మొత్తం ఒకేసారి కట్టేశానని రాశారు. మీలాగే ఇల్లు వెతుక్కుంటున్నవాళ్ళ కోసం చెప్తున్నాను: చట్టం ప్రకారం అది మూడు నెలల కాల్ట్‌మీటె కంటే, అంటే హీటింగూ నీళ్ళూ కలపని అద్దె కంటే, ఎక్కువ ఉండకూడదు. దాన్ని మూడు నెలవారీ వాయిదాల్లో కట్టొచ్చు. ఆ మిగిలే డబ్బుతో మంచాలూ ఫ్రిజ్జూ వచ్చేస్తాయి.

డబ్బు మాట వచ్చింది కాబట్టి, కిండర్‌గెల్డ్‌కి, అంటే పిల్లల కోసం ప్రభుత్వం ఇచ్చే డబ్బుకి, దరఖాస్తు పెట్టారా? 2026 నుంచి ఒక్కో బిడ్డకి నెలకి 259 యూరోలు. వెనకటి ఆరు నెలలకి మించి ఇవ్వరు, కాబట్టి తాత్సారం చేయొద్దు. మీది ప్రభుత్వ తరహా హెల్త్ ఇన్సూరెన్స్ అయితే సంపాదన లేని భార్యా పిల్లలూ అదనపు ప్రీమియం లేకుండా అందులోనే చేరతారు. ఇంకొకటి, హాఫ్ట్‌ఫ్లిష్ట్ అని బాధ్యత ఇన్సూరెన్స్, ఎదుటివాళ్ళకి మన వల్ల జరిగే నష్టానికి. ఏడాదికి కొద్ది మొత్తమే. కుటుంబం మొత్తానికి తీసుకోండి. బిల్డింగ్ అంతటికీ కలిపిన తాళాల వ్యవస్థ ఉంటే ఒక్క చెవి పోయినా ఖర్చు మీ మీద పడొచ్చు, చెవులు పోతే వర్తించేలా ఉందో లేదో చూసి మరీ తీసుకోండి.

బాబు గురించి రాసిన వాక్యాల దగ్గరే నేను ఎక్కువసేపు ఆగాను. "క్లాసులో ఎవరితోనూ మాట్లాడడు అని టీచర్ చెప్పింది" అన్నారు. మావాడు కిండర్‌గార్టెన్‌లో ఐదు నెలలు నోరు విప్పలేదు. నాకు రాత్రిళ్ళు నిద్రపట్టేది కాదు. ఏప్రిల్లో ఒక రోజు నేను బూట్లతో లోపలికి అడుగు పెడితే "షూహె ఆవుస్" అన్నాడు, బూట్లు విప్పమని. అదీ గట్టిగా, వాళ్ళ టీచర్ గొంతుతో. అన్నాళ్ళూ వింటూ లోపల దాచుకున్నాడు. కొత్త భాషలో పడ్డ పిల్లలు ముందు వింటారు, కొందరు చాలా నెలలు వింటారు. బవేరియా బడుల్లో జర్మన్ రాని పిల్లలకి విడిగా భాషా క్లాసులుంటాయి, మీవాడికి ఏమిస్తున్నారో టీచర్‌ని అపాయింట్‌మెంట్ తీసుకుని అడగండి. మీ ఆవిడని తీసుకెళ్ళండి. లెక్కల టీచర్ తను, బడి అంటే ఏమిటో మీకంటే తనకే బాగా తెలుసు. మావాడికి లెక్కల్లో ఊతం దొరికింది, అంకెలకి భాష అక్కర్లేదు కదా. మీవాడికి అమ్మే లెక్కల టీచర్.

ఇంట్లో మాత్రం తెలుగే మాట్లాడండి. వాడికి సాయం చేద్దామని మీరు వచ్చీరాని జర్మన్‌లో మాట్లాడకండి. బడి భాష బడి నేర్పుతుంది. సాయంత్రం వాడు మనసులో ఉన్నదంతా కక్కుకోవడానికి ఒక భాష ఉండాలి, అది అమ్మ భాష. క్లాసులో వాడు ఎవరి పక్కన కూర్చుంటాడో కనుక్కుని ఆ ఒక్క పిల్లాణ్ణి ఒక మధ్యాహ్నం ఇంటికి పిలవండి. పది మందిని పిలవొద్దు. ఇక్కడ ముందుగా తారీఖు అనుకుని పిలుస్తారు, వాళ్ళమ్మకి మెసేజ్ మీ ఆవిడే పెట్టాలి.

ఇంకొకటి అడగాలనుంది. బడి మొదటి రోజు మీవాడి చేతిలో షూల్‌ట్యూటె ఉందా? ఒకటో తరగతిలో చేరే రోజు ప్రతి పిల్లాడూ పొడవాటి అట్ట పొట్లాం, మనం వేరుశనక్కాయలు కట్టించుకునే పొట్లాం ఆకారంలో ఉండేది, మోసుకెళ్తాడు. దాన్నిండా పెన్సిళ్ళు, మిఠాయిలు, చిన్న బొమ్మలు. మాకు అలాంటిదొకటి ఉంటుందనే తెలియదు. ఎదురింటి పెద్దావిడే జూన్‌లో మావాణ్ణి నీకేం ఇష్టమని అడిగింది. వాడు ఏనుగన్నాడు. బూడిదరంగు అట్టతో పొట్లాం చేసి, రెండు పెద్ద చెవులంటించి, పొడవాటి తొండం కిందికి వేలాడేలా కుట్టింది. సెప్టెంబర్లో వాడు ఆ ఏనుగుని రెండు చేతులతో పట్టుకుని ఫోటోకి నిలబడ్డాడు. ఒక చెవి ఊడిపోయింది గానీ, ఇప్పటికీ వాడి గదిలో అల్మరా మీద ఉంది. మీవాడు అది లేకుండా వెళ్ళి ఉంటే ఈ ఆదివారం ఇంట్లో కూర్చుని చేసివ్వండి. ఆలస్యమైందని వాడు అనుకోడు.

పాపకి మ్యూనిక్ కిటా ఫైండర్ అని పిల్లల సంరక్షణ కేంద్రాల్లో సీట్లు వెతికే వెబ్‌సైట్‌లో ఇప్పుడే పేరు నమోదు చేయండి. ఎక్కువ సీట్లు సెప్టెంబర్‌లోనే ఖాళీ అవుతాయి, అప్పటికి మూడేళ్ళు నిండుతాయి కాబట్టి కిండర్‌గార్టెన్ సీటుకి చూడండి. తట్టు టీకా రెండు డోసులు వేయించినట్టు కాగితం తప్పనిసరి, 2020 మార్చి నుంచి చట్టం. మన టీకా కార్డుని పిల్లల డాక్టర్‌కి చూపిస్తే ఇక్కడి పసుపు పుస్తకంలో ఎక్కిస్తారు. సీటొచ్చినా మొదటి రోజే వదిలేసి రాలేరు. ఐన్‌గెవోనుంగ్ అని అమ్మో నాన్నో పక్కన కూర్చుంటూ, రోజుకి కాస్త కాస్త దూరం జరుగుతూ రెండు మూడు వారాలు అలవాటు చేస్తారు. ఆ వారాలకి సెలవు ఉంచుకోండి. అప్పటిదాకా దగ్గర్లోని ఫామిలియన్‌సెంట్రుమ్‌లో, అంటే కుటుంబాల కోసం నడిపే కేంద్రంలో, తల్లీపిల్లల ఆటల గుంపులుంటాయి. వారానికి ఒక రోజు, ప్రతిసారీ అదే రోజు, అదే గంట. మీ ఆవిడకీ పాపకీ ఇద్దరికీ మనుషులు దొరుకుతారు.

జబ్బు చేస్తే: ప్రాణం మీదికొస్తే 112, డాక్టర్ క్లినిక్ మూసి ఉన్నప్పుడు మామూలు జ్వరాలకి 116117. ఈ రెండు నంబర్లూ ఫ్రిజ్ మీద అంటించండి, మీ అడ్రస్ జర్మన్‌లో ఎలా చదవాలో తెలుగు అక్షరాల్లో రాసి పక్కనే పెట్టండి.

మీకు అసలు పరీక్ష ఇక నుంచే. అక్టోబర్ చివరి ఆదివారం గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. డిసెంబర్లో నాలుగున్నర దాటాక సూర్యుడు కనపడడు. పిల్లలకి మంచి చలి బట్టలు, బురద ప్యాంట్లు పాతవే అయినా ఇప్పుడే కొనండి. మబ్బుగా ఉన్నా సరే, మధ్యాహ్నం లోపు ఒక గంట మీ ఆవిడ పాపతో బయట ఉండేలా చూడండి. చలికాలంలో ఇండియాకీ మనకీ తేడా నాలుగున్నర గంటలు. తను నిద్రలేవగానే వాళ్ళమ్మకి వీడియో కాల్ పెడితే మధ్యాహ్నం దాకా అది నడుస్తూనే ఉంటుంది, నాకు తెలుసు. మనసు అక్కడ, మనిషి ఇక్కడ, బయటికి అడుగు పడదు. బయట తిరిగొచ్చాక కాల్ చేయమని చెప్పి చూడండి. అప్పుడు అమ్మకి చెప్పడానికి తన దగ్గరా ఏదో ఒక కబురుంటుంది. ఎన్ని చేసినా పొద్దస్తమానం ఏడుస్తున్నా, తిండీ నిద్రా మానేసినా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాలి, అది బెంగ అని కొట్టిపారేయొద్దు.

తెలుగువాళ్ళని కలవండి, సంక్రాంతికి, ఉగాదికి తప్పకుండా వెళ్ళండి. ప్రతి వారాంతం మాత్రం వద్దు. ఎవరు ఇల్లు కొన్నారు, ఎవరి పిల్లలు ఏ బడి అన్న మాటలు మొదటి ఏడాది మనిషిని కుంగదీస్తాయి. ఒకటి రెండు కుటుంబాలు దగ్గరైతే చాలు.

చివరిగా ఆ "వెళ్ళిపోదాం" అన్న మాట. దానికి వాదించకండి. ఇక్కడి జీతం, పిల్లల భవిష్యత్తు అని లెక్కలు చెప్పకండి, ఆ లెక్కలు తనకీ తెలుసు. ఎప్పుడు వెళ్దామని అడగండి. బవేరియాలో వేసవి సెలవులు ఆగస్టు మొదటి వారం ప్రాంతంలో మొదలై సెప్టెంబర్ మధ్య దాకా ఉంటాయి. బాబుని సెలవులకి ముందే బడి మానిపించి తీసుకెళ్తే జరిమానా పడుతుంది, కాబట్టి ఆ ఆరు వారాలే చూసుకోవాలి. నాకు మొదటి చలికాలం గడిచింది ఫ్రిజ్ మీద అంటించుకున్న టికెట్ ప్రింటవుట్ చూసుకుంటూనే. జాయింట్ ఖాతా కార్డు రాగానే నలుగురికీ వచ్చే ఆగస్టుకి హైదరాబాద్ టికెట్లు తీయండి. ఆ బుకింగ్ మీ ఆవిడ చేతే చేయించండి, తన కార్డుతో.